టర్నిప్ పాయింట్ వైపు వెళ్లకండి

ఓరిన్ టాకెట్ అబద్ధాలకోరు కాడు. ఈ మాట ముందే చెప్పేయాలి, తర్వాత చెప్పడానికి సందు దొరకదు. డెబ్బై ఏళ్ల మనిషి. అయోవాలో ముప్పై ఒక్క ఏళ్లు మట్టిరోడ్లు చదును చేసే యంత్రం నడిపాడు. పట్టని చేపను పట్టానని ఏనాడూ చెప్పుకోలేదు, మా జనంలో అది చిన్న గుణమేమీ కాదు. జన్మలో ఆయన ఆడిన అబద్ధం ఒక్కటే. కాకపోతే దాన్ని పదకొండేళ్లు ఆడాడు, కాగితం మీద పెట్టి దేశమంతా పంచాడు.

మా జనం అన్నాను కదా, మేమెవరమో కూడా చెప్పాలి. ఉద్యోగాలు దిగిపోయాక ఇల్లు అమ్మేసి, బస్సంత బండి కొని, అందులోనే వంట, అందులోనే పడక, అందులోనే పోట్లాటగా దేశం పట్టి తిరిగే ముసలి జాతి మాది. చలికాలం దక్షిణానికి దిగుతాం, ఎండ ముదిరితే ఉత్తరానికి ఎక్కుతాం. దీనికి స్వేచ్ఛ అని పేరు పెట్టుకున్నాం. ఓరిన్ స్వేచ్ఛ పొడవు నలభై అడుగులు, వెనకాల తగిలించిన చిన్న కారుతో కలిపి యాభై తొమ్మిది. అది ఏ బంకులో పడితే ఆ బంకులో తిరగదు, ఏ చెట్టు కింద పడితే ఆ చెట్టు కింద దూరదు. నచ్చిన చోటికల్లా పోవచ్చని కొన్న బండి, తీరా కొన్నాక, అది పట్టే చోటు ఎక్కడుందా అని వెతకడంతోనే పొద్దు గడిచిపోతుంది.

ఇక బండి నిలిపి బస చేసే క్యాంపుకి చేరాక అసలు పరీక్ష. సాయంత్రం కొత్త బండి గేటు దాటిందంటే చాలు, లోపలున్న వాళ్లందరూ మడత కుర్చీలు దారివైపు తిప్పుకుంటారు. మాకు ఇంతకు మించిన వినోదం లేదు. మొగుడు లోపల చక్రం పట్టుకుని చెమటలు కక్కుతుంటాడు, పెళ్లాం వెనకాల నిలబడి చేతులు ఊపుతుంటుంది. ఎడమ అంటే ఎవరి ఎడమ అన్న ఒక్క ప్రశ్న మీద నలభై ఏళ్ల కాపురాలు ఊగిపోవడం అందరం చూశాం. ఓరిన్ బండి కొన్న మొదటి నెలలో, కాన్సస్‌లో, నలభై మంది చూస్తుండగా వెనక్కి పోతూ నీళ్ల కుళాయిని వేర్లతో సహా పెకలించాడు. నీళ్లు చెట్టంత ఎత్తు లేచాయి. జనం చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రే ఓరిన్ ఒక నోటుబుక్కు మొదలుపెట్టాడు. దిగిన ప్రతి ప్రభుత్వ క్యాంపు గురించీ రాసుకునేవాడు: దారిలో ఎన్ని మలుపులు, ఏ కొమ్మ ఎంత కిందికి వాలింది, నేల ఎంత వాలు, కరెంటు ఎంత నిలకడ. అన్నిటికన్నా ముఖ్యంగా, వెనక్కి పోకుండా ముందు నుంచి దూరి ముందుకే బయటపడే జాగాలు ఎన్ని. మట్టిరోడ్లు చూసిన కన్ను కాబట్టి ఆయన రాసింది అంగుళం తప్పేది కాదు. చలికాలం రాగానే అందులో మంచివి ఏరి, 'పెద్ద బండ్లకు పనికొచ్చే ప్రభుత్వ క్యాంపులు' అని నాలుగు పేజీలు టైపు చేసి, ఏదో ఒక ఊరి గ్రంథాలయంలో కాపీలు తీసి, దారిలో తగిలిన ప్రతి క్యాంపులో బట్టలుతికే గదిలో పెట్టి వచ్చేవాడు. చేతిలో ఫోను పట్టుకుని దారి అడిగే రోజులు ఇంకా రాలేదు. జనం ఆ కాగితానికి కాపీలు, కాపీలకు కాపీలు తీసుకుని కళ్లకద్దుకున్నారు. పిరికితనంలో పుట్టిన కాగితంతో ఓరిన్ పెద్దమనిషి అయిపోయాడు. ఎక్కడ దిగినా ఎవరో ఒకరు వచ్చి, "ఓరిన్ టాకెట్ అంటే మీరేనా?" అని చెయ్యి కలిపేవారు. ఆయన వినయంగా పొట్ట లోపలికి పీల్చుకునేవాడు.

ఆయన భార్య వెల్డా మాత్రం ఆ కాగితం ఎప్పుడూ చదవలేదు. "ప్రతి కొమ్మ ఎత్తూ నువ్వు కొలుస్తుంటే కింద నిచ్చెన పట్టుకున్నది నేనే కదా, మళ్లీ చదవడం కూడానా?" అనేది.

ఇల్లు అమ్మేటప్పుడు వెల్డా ఒకే ఒక్క షరతు పెట్టింది. ఎక్కడెక్కడ తిప్పినా సరే, ఏడాదికి రెండుసార్లు తిరిగొచ్చే చోటు ఒకటి ఉండాలి. తెల్లారితే ముందు ఏ పిట్ట కూస్తుందో తనకు తెలిసిన చోటు. ఆ చోటు వాళ్లకు మొదటి వసంతంలోనే, ఆర్కన్సాలో ఒక సరస్సు ఒడ్డున దొరికింది. దాని పేరు టర్నిప్ పాయింట్. ముప్పై జాగాల క్యాంపు. అందులో తొమ్మిదో నంబరు నీళ్లలోకి ముక్కులా పొడుచుకొచ్చిన నేల, మూడు వైపులా సరస్సు, తలమీద హికరీ చెట్లు, ముందు నుంచి దూరి ముందుకే పోయే దారి. వెల్డా దిగి, సిమెంటు బల్ల మీద చెయ్యి పెట్టి, "ఇదే" అంది. అక్కడ ఎవరైనా పద్నాలుగు రోజులకు మించి ఉండకూడదు. అందుకని మేలో పద్నాలుగు రోజులు, అక్టోబరులో పద్నాలుగు రోజులు. వెల్డాకి భూమ్మీద మిగిలిన ఇల్లు అదే.

ఆ చలికాలం మొదటి కాగితం టైపు చేస్తూ ఓరిన్ టర్నిప్ పాయింట్ దగ్గరికి వచ్చాడు. చెయ్యి ఆగిపోయింది. నిజం రాస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. వచ్చే మేకి తొమ్మిదో నంబరులో ఒహాయో నుంచి వచ్చినవాడెవడో కాళ్లు బారజాపుకుని కూర్చుంటాడు, వెల్డా మొహం చిన్నబోతుంది. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి ఇలా కొట్టాడు: "టర్నిప్ పాయింట్. దారి ఇరుకు. కొమ్మలు కిందికి. నేల వాలు. దోమలు. వెళ్లకండి."

అబద్ధానికి కూడా ఏటేటా ఎరువు వేయాలి కాబోలు. మూడో ఏట పాములు వచ్చి చేరాయి. ఐదో ఏట కుళాయి నీళ్లకు ఇనుప వాసన పట్టింది. ఎనిమిదో ఏట 'ఓరిన్ టాకెట్ స్వయంగా ఇరుక్కున్న చోటు' అని కూడా చేర్చాడు. ఆ కాగితం నమ్మి, ఆ సరస్సు పక్కనుంచే ఆరుసార్లు పోయి, ఒక్కసారి కూడా బండి తిప్పని వెర్రిబాగులవాళ్లలో ఈ కథ చెబుతున్నవాడూ ఒకడు.

పదకొండో ఏడు అక్టోబరులో, పద్నాలుగు రోజులు పూర్తై బయల్దేరబోతుంటే, గేటు దగ్గర నెట్టీ క్రాబ్‌ట్రీ చెయ్యి అడ్డం పెట్టింది. నెట్టీ ఆ గేటు పక్కనే చిన్న ట్రైలరులో ఉంటూ వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకునే మనిషి. మొగుడు పోయాక పన్నెండేళ్లుగా ఆమె ఇల్లూ ఆ గేటే.

"వచ్చే అక్టోబరుకి నన్నిక్కడ వెతక్కండి. క్యాంపు మూసేస్తారంట" అంది.

"ఎవరు?" అన్నాడు ఓరిన్.

"పైవాళ్లు. ఎవరూ రాని చోటికి కరెంటెందుకు, గడ్డి కోయించడమెందుకు అంటున్నారు. వచ్చే మే, జూన్ చూస్తారు. సగం జాగాలన్నా నిండకపోతే గేటుకి గొలుసే."

వెల్డా కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఇంత చక్కటి చోటికి జనం ఎందుకు రారు నెట్టీ? నాకెప్పుడూ అదే అర్థం కాదు."

"నాకూ మొన్నటిదాకా అర్థం కాలేదు తల్లీ. బట్టలుతికే గదిలో ఎవరో ఇది పడేసిపోయారు" అని నెట్టీ ఒక కాగితం అందించింది. "మూడో పేజీ చూడు. కింద పేరు కూడా చదువు."

వెల్డా కళ్లజోడు పెట్టుకుని పైకే చదివింది. దారి ఇరుకు దగ్గర ఒకసారి, నేల వాలు దగ్గర ఒకసారి ఆగి మొగుడి మొహంలోకి చూసింది.

"పాములా? ఎక్కడ చూశావు పాముల్ని?"

"ఒకదాన్ని చూశాను. దగ్గరికెళ్తే మన నీళ్ల గొట్టం."

"నువ్వు ఇక్కడ ఇరుక్కున్నావా?"

"అది... కాస్త బరువు కోసం రాశాను."

నెట్టీ గేటు తెరిచి పక్కకి తప్పుకుంది. తిట్టినా బాగుండేదని ఓరిన్‌కి అనిపించింది. అక్కణ్ణుంచి తొంభై మైళ్లు వెల్డా నోరు విప్పలేదు. తొంభై ఒకటో మైలులో ఓరిన్ ఉండబట్టలేక, "అంతా నీకోసమే చేశాను" అన్నాడు.

"నా పేరెత్తకు" అంది వెల్డా. "ఊరంతా ఎలా చెప్పావో అలాగే ఊరంతా తిరిగి చెప్పుకో. ఆ గేటుకి గొలుసు పడిందో, నీ బండిలో నువ్వొక్కడివే తిరుగు. నేను మా చెల్లెలి దగ్గరికి పోతాను."

ఇది కోపంలో అన్న మాట కాదని ఓరిన్‌కి తెలుసు. కోపంలో అయితే వెల్డా గిన్నెలు చప్పుడు చేస్తుంది. ఈసారి గిన్నెలు కిక్కురుమనలేదు.

చలికాలం మాలో సగం మంది దక్షిణ టెక్సాస్‌లోని ఒక రాష్ట్ర పార్కులో చేరతాం. శనివారం మధ్యాహ్నం పెద్ద హాల్లో సహపంక్తి భోజనం. ఇంటికో వంటకం మూతపెట్టి తేవాలి. తినబోయే ముందు ఎవరైనా ఏదైనా చెప్పుకోవాలంటే లేచి చెప్పుకోవచ్చు. ఎవరూ వినరు, బీన్సు గిన్నె ఎటుందా అని చూస్తుంటారు. అంత భద్రమైన సమయం ఇంకోటి లేదని ఓరిన్ జనవరిలో ఒక శనివారం లేచి నిలబడ్డాడు.

"నా కాగితంలో ఒక అబద్ధం రాశాను" అన్నాడు.

హాలంతా గరిటెలు ఆగిపోయాయి. మాలో ఎవరైనా రోగం గురించి చెబితే ఎవరూ తల ఎత్తరు. కాగితం గురించి అనేసరికి అందరికీ చెవులు మొలిచాయి.

"టర్నిప్ పాయింట్ మంచి చోటు. నేను చూసిన వాటన్నిటిలోకీ మంచి చోటు. దారి వెడల్పు. నేల చదును. అందరూ మేలో అక్కడికి వెళ్లండి, లేకపోతే మూసేస్తారు."

ముందుగా నవ్వింది డ్వైట్ ఓల్సన్. విస్కాన్సిన్‌లో పాల ట్యాంకరు నడిపినవాడు, మనిషీ ట్యాంకరంతే ఉంటాడు. "ఆగండాగండి" అన్నాడు. "మరి దోమలు?"

"అన్నిచోట్లా ఉన్నట్టే ఉంటాయి."

"పాములు?"

"లేవు."

"విన్నారా? పదకొండేళ్లు వెళ్లకండి వెళ్లకండి అన్నాడు, ఇప్పుడు అందర్నీ వెళ్లమంటున్నాడు. మనమంతా పోయి అక్కడ కొమ్మల్లో ఇరుక్కుంటే, ఈయన ఇంకెక్కడో హాయిగా కూర్చుంటాడు. ఏరా ఓరిన్, అసలు చోటు ఎక్కడ దాచావు?"

హాలు పగలబడి నవ్వింది. ఎవరో, "ఎక్కడికి పొమ్మంటే దానికి ఎదురు దిక్కు పోండి" అన్నారు. ఓరిన్ మొహం ఉడికిన బీట్‌రూటులా అయింది. ఆడినంతకాలం ఆ అబద్ధాన్ని దేశం వేదవాక్కులా నమ్మింది. నిజం చెప్పిన మొదటి నిమిషంలోనే అబద్ధాలకోరు అయిపోయాడు.

అప్పుడు వెల్డా లేచింది. సంచిలోంచి ఫొటోల పుస్తకం తీసి డ్వైట్ పళ్లెం పక్కన పెట్టింది. "చూసుకో" అంది. ఇరవై రెండు ఫొటోలు. అన్నిటిలోనూ ఓరిన్ అదే కుర్చీలో, అదే సరస్సు ముందు. ఫొటో మారినకొద్దీ పొట్ట ముందుకు వస్తోంది, కుర్చీ కిందికి దిగుతోంది. నేల మాత్రం గీత గీసినట్టు చదునుగా ఉంది. డ్వైట్ కళ్లజోడు నుదుటి మీంచి దించుకుని ఒక్కొక్కటే చూశాడు.

"చుట్టుపక్కల ఒక్క బండి కూడా లేదేమిటి?" అన్నాడు.

"ఒక్కటీ లేదు" అంది వెల్డా.

ఆ మాట ఆమె అన్న తీరు హాల్లో చాలామంది విన్నారు. ఓరిన్ వినలేదు, ఎలాగోలా గండం గట్టెక్కిందని పీకాన్ పప్పుల తీపి రొట్టె ముక్క వైపు చూస్తున్నాడు.

పన్నెండో కాగితం ఆ వారమే తయారైంది. అందులో టర్నిప్ పాయింట్ అన్నిటికన్నా ముందుకు ఎక్కింది: "ఈ కాగితం రాసినవాడు పదకొండేళ్లు మీకు అబద్ధం చెప్పాడు. దారి వెడల్పు. నేల బల్లలా చదును. పాములు లేవు, చూసింది నీళ్ల గొట్టం. ఇరుక్కున్నదీ అబద్ధమే. తొమ్మిదో నంబరు అన్నిటికన్నా మంచిది. వెళ్లండి." తొమ్మిదో నంబరు మాట రాయకుండా దాటేద్దామని చూశాడు ఓరిన్. వెల్డా వెనకాల నిలబడి చూస్తోంది కాబట్టి రాశాడు.

మా జాతికి మంచి చోటంటే మరీ అంత మోజేమీ ఉండదు. పక్కవాడు దాచుకున్న చోటంటే మాత్రం కంటిమీద కునుకు పట్టదు. మార్చి నాటికి బట్టలుతికే గదుల్లో అంతా ఇదే ముచ్చట. పదకొండేళ్లు దాచాడంటే ఎంత గొప్పదై ఉండాలి! ఓరిన్ మొదట్లోనే మంచిగా రాసి ఉంటే వచ్చేవాళ్లకన్నా రెట్టింపు మంది బయల్దేరారు.

మే పదో తారీకున, ఎప్పటిలాగే మధ్యాహ్నం ఒంటిగంటకి, ఓరిన్ టర్నిప్ పాయింట్ గేటు ముందు బండి ఆపాడు. ఎప్పుడూ లేని బోర్డు ఒకటి దారి పక్కన నిలబెట్టి ఉంది. నారింజ రంగు అక్షరాలు: ఖాళీ లేదు.

నెట్టీ జుట్టు కొత్తగా కత్తిరించుకుంది. పదేళ్లు చిన్నదైనట్టు ఉంది. "నిండిపోయింది ఓరిన్! మే ఒకటి నుంచీ ఇంతే. మొన్న పైవాళ్లు వచ్చి చూసి, ఇంక మూసే మాటే లేదన్నారు. కొత్త కుళాయిలు కూడా వేస్తారంట."

"మరి తొమ్మిదో నంబరు?"

"డ్వైట్ ఓల్సన్ అని, విస్కాన్సిన్ ఆయన. నిన్న పొద్దున దిగాడు. పద్నాలుగు రోజులకు రాయించుకున్నాడు."

"నెట్టీ, నేను పదకొండేళ్లుగా..."

"తెలుసు. కానీ ముందొచ్చినవాడిదే జాగా, నా సొంత అక్క వచ్చినా అంతే. పడవలు దించే రేవు దగ్గర కంకర నేల ఉంది, అక్కడ పెట్టుకో. కరెంటు లేదు, నీళ్లు లేవు. కాస్త వాలు."

రేవుకి పోవాలంటే బండి వెనక్కి తిప్పాలి. వెనకాల కారు తగిలించి ఉన్నంతసేపు ఆ బండి వెనక్కి పోదు, కారు విప్పాలి. ఓరిన్ దిగి, నేలమీద మోకాళ్లు ఆనించి కొక్కేలు విప్పుతుండగా, లోపల మడత కుర్చీలు తిరిగిన చప్పుడు వినిపించింది. తల ఎత్తితే అరవై మంది. సగం మంది చేతుల్లో పన్నెండో కాగితం. వెల్డా వెనక నిలబడి చేతులు ఊపింది. ఎడమ అంది. ఓరిన్ తన ఎడమ అనుకున్నాడు. నారింజ బోర్డు ఫెళ్లున పడింది. అరవై మంది చప్పట్లు కొట్టారు, డ్వైట్ ఈల కూడా వేశాడు. నెట్టీ బోర్డు లేపి దుమ్ము దులిపి మళ్లీ నిలబెట్టింది.

రేవు దగ్గర కంకర మీద బండి ఎంత వాలిందంటే, అల్మారా తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. వెల్డా, "నా పిట్టని చూసొస్తాను" అని మొక్కజొన్న రొట్టె ఒకటి చంకన పెట్టుకుని క్యాంపులోకి నడిచింది. ఓరిన్ మెట్టు మీద ఒక్కడే కూర్చున్నాడు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఆమె రాలేదు. ఎక్కడో చెట్టు కింద నిలబడి, పోయిన చోటును చూసుకుంటూ కళ్లు తుడుచుకుంటోందని ఆయనకు గట్టిగా అనిపించింది. క్యాంపు బతికింది, సరే. వెల్డా చోటును మాత్రం తన చేత్తోనే టైపు చేసి ఊరికి పంచేశాడు. ఇప్పుడెంత చేసినా ఆ మూడు వైపుల నీళ్లు, ఆ నిశ్శబ్దం తిరిగి తేలేడు. ఏ మాటలతో క్షమాపణ అడగాలో లోపల్లోపల కూర్చుకుంటూ లేచి వెతకడానికి బయల్దేరాడు.

తొమ్మిదో నంబరు దగ్గర పన్నెండు కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. సిమెంటు బల్ల మీద డామినో బిళ్లలు పరిచారు. మధ్యలో వెల్డా. డ్వైట్ ఏదో అన్నాడు కాబోలు, ఆమె నవ్వుతోంది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, బల్ల మీద అరచేత్తో కొడుతూ నవ్వుతోంది. ఆ నవ్వు ఓరిన్ వినక పన్నెండేళ్లు దాటింది. అయోవాలో గురువారం సాయంత్రాలు చుట్టుపక్కల ఆడవాళ్లు వంటింట్లో చేరినప్పుడు వినిపించే నవ్వు అది.

ఆయన్ని చూసి వెల్డా లేచి పక్కకి వచ్చింది.

"వెల్డా, నన్ను క్షమించు. నీకిష్టమైన చోటు పోగొట్టాను. ఆ ప్రశాంతత..."

"ప్రశాంతత నాకిష్టమని ఎవరన్నారు?"

"నువ్వే కదా, తిరిగొచ్చే చోటు ఒకటి ఉండాలని..."

"చోటు కావాలన్నాను. చోటంటే చెట్లూ నీళ్లేనా ఓరిన్?" ఆమె గొంతు తగ్గించింది. "పదకొండేళ్లు ఆ బల్ల దగ్గర కూర్చుని దారి చూశాను. ఎక్కడైనా బండి చప్పుడైతే లేచి నిలబడేదాన్ని, ఈసారన్నా ఎవరో వస్తున్నారని. అది రోడ్డునే పోయేది. మనల్ని చూసే జనం తప్పుకుంటున్నారేమో, మనలోనే ఏదో లోపముందేమో అనుకునేదాన్ని. నీకు ఆ నిశ్శబ్దమంటే ప్రాణమని, నోరు మూసుకున్నాను."

ఆమె కోసం కాపాడుతున్నానని మురిసిపోయిన పదకొండేళ్లలో, ఆమెను అక్కడ ఒంటరిగా కూర్చోబెట్టింది తనేనని ఓరిన్‌కి అప్పుడు తెలిసింది. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ దీనికి పనికి రాలేదు.

వెల్డా ఆయన చొక్కా మీద దారి దుమ్ము దులిపింది. "అలా నిలబడకు. పోయి నీ కుర్చీ తెచ్చుకో. ఇక్కడ ఖాళీ లేదు."

ఓరిన్ కంకర దారి పట్టి రేవు వైపు నడిచాడు. బండి చాటుకు వెళ్లాక, ఎవరూ చూడటం లేదని తేల్చుకుని, కాసేపు ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని, కుర్చీ భుజాన వేసుకుని తొమ్మిదో నంబరుకి బయల్దేరాడు.